కుర్చీ దిగని యామ్నా

పోయిన వారం యామ్నాను మందుల షాపు మెట్ల మీద వదిలి వచ్చాం. మెక్‌నెస్ పాతబస్తీలో ఆడవాళ్ళ హమ్మామ్‌లో, అంటే ఊరుమ్మడి ఆవిరి స్నానాల ఇంట్లో, ఇరవై రెండేళ్ళుగా వచ్చినవాళ్ళ ఒళ్ళు రుద్ది స్నానం చేయించే మనిషి యామ్నా. ఎనిమిది నెలలుగా నడుములో నొప్పి, ఎడమ తొడ వెనక నుంచి మడమ దాకా మంట. నాలుగుసార్లు ఆసుపత్రికి వెళ్తే నాలుగుసార్లూ అవే మాత్రలు రాసి పంపారు. గురువారం సాయంత్రం వేడి గదిలో ఒక పెళ్ళికూతురికి వీపు రుద్దుతూ రాతి నేల మీద చతికిలబడింది. ఆ రాయి సెగకు తట్టుకోలేక పెళ్ళికూతురు లేచి నిలబడింది. యామ్నా మాత్రం కూర్చునే ఉంది. కింద చర్మం ఎర్రగా కమిలిపోయిందని పెళ్ళికూతురి తల్లి చూసి చెప్పేదాకా ఆమెకు తెలియనే లేదు.

అక్కడి నుంచి నేరుగా మందుల షాపుకు వెళ్ళి, నుజ్‌హా అనే ఆ షాపావిడకు జరిగింది చెప్పింది. నుజ్‌హా చేతిలో పని వదిలేసి, గొంతు తగ్గించి ఒకటే అడిగింది: "మూత్రం మామూలుగానే వస్తోందా?" వెనక ఇద్దరు మగవాళ్ళు దగ్గుమందు కోసం నిలబడి ఉన్నారు. యామ్నా "మామూలే" అంది. నుజ్‌హా ఆ మాటే డాక్టరుకు రాసే చీటీలో రాసింది. రేపు పొద్దున్నే వెళ్ళమంది, ఎల్లుండి దాకా ఆగొద్దంది.

మామూలు కాదు. ఆ సంగతి యామ్నాకు ఒక్కదానికే తెలుసు.

శుక్రవారం ఆరున్నరకే బయల్దేరింది. లోపల పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి పెట్టుకుంది. పైన, తడి కనబడని ముదురు రంగు జెల్లాబా, పాదాల దాకా ఉండే పైఅంగీ, వేసుకుంది. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. లేచినప్పుడు సీటు వంక చూసుకోవాల్సి వస్తుందని. చేతిలో నుజ్‌హా చీటీ చెమటకు మెత్తబడుతోంది. అందులో అబద్ధం ఉందని, ఆ అబద్ధం తనదేనని ఆమెకు గుర్తొస్తూనే ఉంది. చదువు రాదు కాబట్టి అది ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేదు, కొట్టేయలేదు.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు గది ముందు వరండా అప్పటికే నిండిపోయింది. గుమ్మం దగ్గర అల్లాల్ అనే కాపలా మనిషి నంబరు చీటీలు ఇస్తున్నాడు. కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చిన యామ్నాను చూసి, వెంట ఎవరొచ్చారని అడిగాడు.

"వస్తున్నారు," అంది.

ఎవరూ రారు. భర్త పన్నెండేళ్ళ కిందట టాంజియర్‌కు పనికని వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. పిల్లలు లేరు. చెల్లెలు ఖెమిస్సెత్‌లో ఉంటుంది. తల్లి పోయినప్పుడు మాటా మాటా అనుకున్నారు, అంతే, మళ్ళీ పలకరింపుల్లేవు. అయినా "ఎవరూ లేరు" అనడం యామ్నాకు అలవాటు లేదు. "వస్తున్నారు" అంటే అవతలివాళ్ళు అక్కడితో వదిలేస్తారు.

వరండాలో అందరికీ ఎవరో ఒకరున్నారు. ముసలాయనకు నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చే కూతురు, చెయ్యి విరిగిన కుర్రవాణ్ణి తిడుతూనే దుప్పటి కప్పే తల్లి, పెళ్ళాం చెప్పులు చేత్తో పట్టుకుని గోడవారగా నిలబడ్డ మొగుడు. కుర్చీ వదిలి నీళ్ళకు వెళ్తే పక్కవాళ్ళు చోటు పట్టి ఉంచుతున్నారు. యామ్నాకు ఆ వీలు లేదు. ఎలాగూ ఆమె నీళ్ళు తాగడం మానేసి రెండు రోజులైంది. తాగితే ఏమవుతుందో అని.

తొమ్మిది గంటలప్పుడు ఒక పెద్దావిడ కోడలి చెయ్యి పట్టుకుని వచ్చి యామ్నా పక్క కుర్చీలో కూర్చుంది. యామ్నా వెంటనే గుర్తుపట్టింది. లల్లా బతూల్. లల్లా అంటే అమ్మగారు అన్నట్టు. కోర్టు గుమస్తా భార్య. పదిహేనేళ్ళుగా వారం వారం హమ్మామ్‌కు వస్తుంది. కుడి రెక్క కింద పెసరగింజంత పుట్టుమచ్చ, ఎడమ భుజం కాస్త వాలు, మెడ కింద గట్టిగా రుద్దితే ఊరుకోదు. అవన్నీ యామ్నాకు కంఠతా వచ్చు. లల్లా బతూల్ ఆమె వైపు ఒకసారి చూసి, పరాయి మనిషిని చూసినట్టే చూపు తిప్పుకుంది. అది కొత్త కాదు. ఆవిరిలో, తడి జుట్టుతో, నడుముకు గుడ్డ చుట్టుకున్న యామ్నానే వాళ్ళకు తెలుసు. బట్టలు కట్టుకుని వీధిలోకి వస్తే ఆమెను ఎవరూ ఆనవాలు పట్టరు. ఇన్నేళ్ళూ అది బాధపెట్టేది. ఆ పూట మాత్రం గుర్తుపట్టకపోతేనే మేలనుకుని, ముసుగు నుదుటి మీదికి లాక్కుంది.

శుక్రవారం కాబట్టి మధ్యాహ్నం నమాజుకు ముందే గది మూసేస్తారు. నంబర్లు గబగబా కదులుతున్నాయి. లోపలికి వెళ్ళినవాళ్ళు రెండు నిమిషాల్లో కాగితం పట్టుకుని బయటికొస్తున్నారు. యామ్నా చెప్పాల్సింది లోపల్లోపల అల్లుకుంటూ కూర్చుంది. వెనకటి నాలుగుసార్లూ ఏం చెప్పిందో తలచుకుంటే ఆమెకే సిగ్గేసింది. కొంచెం నొప్పిగా ఉందని చెప్పింది. చెప్పులో కాలు పెట్టుకోవడానికి గోడ పట్టుకుని ఏడుస్తున్న రోజుల్లోనూ "కొంచెం" అనే అంది. డాక్టరు లహ్‌లూ తల ఎత్తకుండా ఏం పనిచేస్తావని అడిగాడు, చెప్పింది. బరువులెత్తకు, ఒళ్ళు తగ్గు, వయసు మీదపడుతోంది అన్నాడు. ఆ నాలుగుసార్లూ ఆయన కుర్చీలోంచి లేవలేదు, ఆమె వీపు మీద చెయ్యి వెయ్యలేదు. నాలుగుసార్లూ ఆమే, మీ టైము తీసుకున్నానని చెప్పి, దణ్ణం పెట్టినంత వినయంగా బయటికొచ్చింది.

పదకొండున్నర దాటాక అల్లాల్ ఆమె నంబరు పిలిచాడు. వేళ మించిపోతోందని తరవాతి నంబరును కూడా లోపలికి తోశాడు. ఆ నంబరు లల్లా బతూల్‌ది. కోడలు గుమ్మం బయట ఆగింది.

గదిలో బల్ల వెనక డాక్టరు లహ్‌లూ ఉన్నాడు. యాభై అయిదేళ్ళుంటాయి, బాగా అలసిన మొహం. కిటికీ పక్కన ఇబ్తిసామ్ అనే కుర్ర డాక్టరు నిలబడి కాగితాలు రాస్తోంది. బల్ల ముందు కుర్చీలో యామ్నా, గోడ దగ్గర కుర్చీలో లల్లా బతూల్. లహ్‌లూ నుజ్‌హా చీటీ విప్పి చదివాడు. చదువుతున్నంతసేపూ కాలు ఆడిస్తూనే ఉన్నాడు.

"సరే హాజ్జా. తిమ్మిరి ఎక్కిందని రాశారు. మూత్రం బాగానే ఉందన్నారు కాబట్టి కంగారేం లేదు. స్కానింగు రాస్తున్నా, పది వారాల తరవాత తేదీ ఇస్తారు. ఈలోగా ఈ మాత్రలు వాడు."

యామ్నా హజ్ చేసింది లేదు. వయసు కనబడే ఆడవాళ్ళందరినీ ఆయన అలాగే పిలుస్తాడు.

ఒకసారి నా వీపు చూడండి డాక్టరుగారూ అని అడిగింది. స్కానింగులో అన్నీ కనబడతాయన్నాడు. అప్పటిదాకా ఆగలేనంది. బయట ముప్పైమంది ఉన్నారు, వాళ్ళూ ఆగలేమనే అంటున్నారన్నాడు. ఆ మాటలో కోపం లేదు, అలవాటుంది. కాగితం చింపి ముందుకు తోసి, గోడ దగ్గరున్న లల్లా బతూల్‌ను రమ్మని చెయ్యి ఊపాడు. మిగతా రోజుల్లో అయితే ఆ చెయ్యి ఊపడంతోనే యామ్నా లేచి నిలబడేది. కాళ్ళు ఆ పూట కూడా లేవబోయాయి. ఆమె రెండు చేతులతో కుర్చీ చేతులు పట్టుకుంది.

"అల్లాల్," అని పిలిచాడు లహ్‌లూ. "హాజ్జాని బయటికి తీసుకెళ్ళు."

అల్లాల్ వచ్చి మంచిగానే చెప్పాడు. పద లల్లా, చీటీ ఇచ్చారు కదా అని మోచెయ్యి పట్టుకున్నాడు. తడిసిన ఆడవాళ్ళను, బాలింతలను, నూరుకిలోల మనుషులను ఇరవై రెండేళ్ళు పట్టి లేపిన చేతులు యామ్నావి. అతని వల్ల కాలేదు.

"నేను లేవను," అంది యామ్నా. గొంతు పెంచలేదు. "ఆ చీటీ తప్పు."

"తప్పేమిటి?" అన్నాడు లహ్‌లూ.

"నుజ్‌హా తప్పు రాయలేదు. నేనే ఆవిడకు అబద్ధం చెప్పాను."

అప్పుడు గోడ దగ్గర నుంచి లల్లా బతూల్ గొంతు వినిపించింది. "నువ్వు హమ్మామ్ యామ్నావి కదూ? ఇందాకట్నుంచీ ఎక్కడో విన్న గొంతులా ఉందే అనుకుంటున్నా. బట్టల్లో పోల్చుకోలేకపోయా."

యామ్నా ఆవిడ వైపు తిరగలేదు. ఇప్పుడు చెప్పబోయే మాట ఈ గదిలో ఆగదు. సాయంత్రానికి పాతబస్తీలో ఆడవాళ్ళున్న ప్రతి మెట్టు మీదా ఉంటుంది. హమ్మామ్‌కు మనుషులు శుభ్రపడటానికి వస్తారు. ఒళ్ళు శుద్ధి చేసుకుని నమాజుకు నిలబడటానికి వస్తారు. తన బట్టలు తడుస్తున్న సంగతి తనకే తెలియని మనిషి చేత ఎవరు ఒళ్ళు రుద్దించుకుంటారు? ఆ పని తప్ప ఆమెకు ఇంకోటి రాదు. ఆ వేడి గదిలో తప్ప ఈ ఊళ్ళో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు కూడా లేరు.

కాగితం తీసుకుని వెళ్ళిపోవచ్చు. పది వారాలు. ఆమె ఒక్కసారి తలుపు వైపు చూసింది. తరవాత డాక్టరు వైపు తిరిగింది.

"రెండు రోజులుగా నాకు మూత్రం వచ్చేది తెలియడం లేదు. వెళ్ళి కూర్చుంటే రాదు. లేచి నడిస్తే బట్టలు తడుస్తున్నాయి. తడిశాయని చేత్తో చూసుకుంటేనే తెలుస్తోంది. కాళ్ళ మధ్య అంతా మొద్దుబారిపోయింది, అది నా ఒళ్ళులాగే లేదు. నిన్న కాలే రాయి మీద కూర్చున్నా నాకు తెలీలేదు. ఇప్పుడు ఈ కుర్చీ తడిసిందో లేదో కూడా నాకు తెలీదు. మీరు చూసి చెప్పాలి."

లహ్‌లూ కాలు ఆడించడం ఆగిపోయింది.

"రెండు రోజులంటే," అంది లల్లా బతూల్ మెల్లగా, "బుధవారమా?"

బుధవారం మధ్యాహ్నం యామ్నా ఆవిడకే రుద్దింది. వీపు, చేతులు, పాదాలు. ఆవిడ ఆ తడి ఆరకముందే ఇంటికి వెళ్ళి నమాజు చదివి ఉంటుంది.

"బుధవారం నుంచే లల్లా," అంది యామ్నా.

లల్లా బతూల్ లేచింది. కోప్పడలేదు, తిట్టలేదు. జెల్లాబా అంచు దగ్గరికి లాక్కుని, యామ్నా కుర్చీకి దూరంగా గోడ వెంబడి నడిచి బయటికి వెళ్ళింది. తలుపు సందులోంచి కోడలి చెవి దగ్గరికి వంగడం కనిపించింది. యామ్నా అది చూసి తల దించుకుంది. అయినా కుర్చీ చేతులు వదల్లేదు.

అప్పటిదాకా నోరు విప్పని ఇబ్తిసామ్ కలం జేబులో పెట్టి, నేను చూస్తాను సార్ అంది. జవాబు కోసం ఆగకుండా వచ్చి యామ్నా చెయ్యి పట్టుకుని తెర వెనక బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. బోర్లా పడుకోమంది. కమిలిన చోట చూసి నొసలు చిట్లించింది. పాదం పైకెత్తమంది. కుడిది లేచింది, ఎడమది బొటనవేలి దగ్గరే ఆగిపోయింది.

"ఇప్పుడు సూదిమొనతో అక్కడక్కడా తాకిస్తాను లల్లా. తెలిసినప్పుడల్లా చెప్పండి."

యామ్నా కళ్ళు మూసుకుని కాచుకుంది. తెరకు అవతల ఎవరో దగ్గారు. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. డాక్టరమ్మ ఇంకా సూది వెతుక్కుంటోంది కాబోలనుకుంది.

"మొదలుపెట్టమ్మా," అంది. "నేను కదలను."

ఇబ్తిసామ్ వంగి, ఆమె చెవికి దగ్గరగా అంది.

"ఎప్పుడో మొదలుపెట్టాను లల్లా. పదకొండుచోట్ల గుచ్చాను."

యామ్నా మొహాన్ని బల్ల మీది గుడ్డలో దాచుకుంది. ఎనిమిది నెలలుగా నొప్పి అని చెబితే నమ్మినవాళ్ళు లేరు. ఇప్పుడు నొప్పి లేదని తనే నమ్మాల్సి వచ్చింది. ఆమెకు ఏడుపు వచ్చింది కానీ అది భయంతోనో, ఒకరు చూశారన్న ఊరటతోనో ఆమెకే తేలలేదు.

ఇబ్తిసామ్ ఆమెను వెల్లకిలా తిప్పి, మూత్రం దిగడానికి సన్నటి గొట్టం వేసింది. సంచీ నిండిపోయి ఇంకోటి పెట్టాల్సి వచ్చింది. అంత నీరు లోపల నిలిచి ఉందని యామ్నాకు ఏ మాత్రం తెలియలేదు. తెరకు అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. లహ్‌లూ ఫోనులో మాట్లాడుతున్నాడు. స్కానింగు గది తాళం వెయ్యొద్దని, తాళం వేసినా సరే మళ్ళీ తీసి ఉంచమని, మనిషిని ఇప్పుడే పంపుతున్నానని చెబుతున్నాడు. పది వారాల తేదీ పావుగంటకు దిగింది.

స్కానింగు గొట్టంలో ఆమెను పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి తలుపు మూసుకుని అందరూ బయటికి వెళ్ళిపోయారు. చెవుల దగ్గర సుత్తితో బాదుతున్నట్టు చప్పుళ్ళు. భయమేస్తే నొక్కమని చేతిలో రబ్బరు బుడ్డి పెట్టారు. నొక్కితే ఎవరో వస్తారట. యామ్నా దాన్ని నొక్కలేదు గాని చివరిదాకా గుప్పిట్లోనే పట్టుకుని ఉంది.

అక్కడి నుంచి పై అంతస్తులో ఆరు మంచాల గదికి తెచ్చారు. అప్పటికి నమాజు ముగిసింది. శుక్రవారం కదా, అయిదు మంచాల వాళ్ళకూ ఇళ్ళ నుంచి గోధుమరవ్వ కుస్‌కుస్ గిన్నెలు వచ్చాయి. మూతలు తీస్తుంటే గుమ్మడికాయ వాసన, ఉడికిన శనగల వాసన గదంతా కమ్మింది. ఒకావిడ తన పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసి యామ్నా వైపు చాచింది. ఈమెకు ఏమీ పెట్టకూడదని నర్సు అడ్డం వచ్చింది. ఆవిడ అయ్యో పాపం అని ముద్ద వెనక్కి తీసుకుని, తన వాళ్ళవైపు తిరిగి కబుర్లలో పడింది. ఆ కబుర్లు యామ్నాకు వినబడుతున్నాయి. ఎవరి పిల్లవాడికో పళ్ళు వస్తున్నాయట. ఎవరి మేడ మీదో నీళ్ళు కారుతున్నాయట. కిటికీ పక్క మంచం ఆమెది. బయట బస్సులు వచ్చి పోతున్నాయి. ఈపాటికి హమ్మామ్‌లో లల్లా బతూల్ మాట చేరే ఉంటుందని, తన సబ్బు గిన్నె, చేతితొడుగు ఉన్న గూట్లోంచి ఎవరో వాటిని తీసి పక్కన పడేసి ఉంటారని అనుకుంది. అనుకున్నంత బాధ వెయ్యలేదు. దానికి కూడా ఇప్పుడు చోటు లేదు.

రెండున్నరకు లహ్‌లూ వచ్చాడు. వెనకాల ఇబ్తిసామ్. ఆయన ఈసారి మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మీ నడుము కింద రెండు ఎముకల మధ్య మెత్తగా ఉండాల్సింది పగిలి వెనక్కి తోసుకొచ్చింది. కాళ్ళకూ మూత్రానికీ వెళ్ళే నరాలన్నీ దాని కింద నలుగుతున్నాయి. వాటిని ఈ రోజే విడిపించాలి. రేపంటే కుదరదు."

యామ్నాకు సగమే అర్థమైంది. వెనకటి రోజుల్లో అయితే తల ఊపేసేది. ఇప్పుడు ఇబ్తిసామ్ వైపు చూసి, ఇంకోసారి నాకు తెలిసే మాటల్లో చెప్పమ్మా అంది. ఇబ్తిసామ్ నీళ్ళ గొట్టం మీద బండ పడితే ఎలా ఉంటుందో అలా అని చెప్పింది. బండ ఎత్తితే నీళ్ళు మళ్ళీ పారవచ్చు. ఎక్కువసేపు ఉంటే గొట్టమే పాడైపోవచ్చు.

"ఎత్తితే నేను నడుస్తానా?"

"నడుస్తారనే అనుకుంటున్నా," అన్నాడు లహ్‌లూ.

"మూత్రం?"

ఆయన చూపు మంచానికి వేలాడుతున్న సంచీ మీదికి పోయింది. "అది చెప్పలేను. బుధవారం నుంచి కదా. కొంత రావచ్చు, రాకపోవచ్చు."

"మొదటిసారి వచ్చినప్పుడే చూసి ఉంటే?"

ఇబ్తిసామ్ తల వంచుకుంది. లహ్‌లూ మాత్రం వంచుకోలేదు. "చూసి ఉండాల్సింది," అన్నాడు. యామ్నా ఇంకేమీ అడగలేదు. ఆ రెండు మాటలు చెప్పడానికే ఆయనకు ఎంత కష్టమైందో ఆమెకు కనబడింది.

ఆయనే మళ్ళీ మొదలుపెట్టాడు. ఈ ఆపరేషను చేసేవాళ్ళు ఈ ఆసుపత్రిలో తానొక్కడే ఉన్నాడు. ఫెస్‌లో ఇంకో డాక్టరు ఉన్నాడు, ఫోనులో మాట్లాడితే పంపమన్నాడు. అంబులెన్సు దొరకాలి, దారి, అక్కడ మళ్ళీ కాగితాలు, గది. కత్తి పట్టేసరికి నాలుగు గంటలు పడుతుంది, అయిదు కూడా పట్టవచ్చు. ఇక్కడైతే అరగంటలో మొదలుపెట్టవచ్చు. అయిదు గంటలు పోతే ఎంత పోతుందో ఎవరూ చెప్పలేరు.

"నన్ను నమ్మమని అడగను," అన్నాడు. "అడిగే మొహం నాకు లేదు. మీరు ఫెస్ అంటే నేనే అంబులెన్సు దాకా వచ్చి ఎక్కిస్తా. ఏదైనా మీరే చెప్పాలి."

ఇబ్తిసామ్ కాగితం తెచ్చింది. బంధువు పేరు అన్నచోట వేలు పెట్టి, ఎవరి పేరు రాయమంటారని అడిగింది. వస్తున్నారన్నారట కదా అని కూడా అంది. యామ్నా ఖెమిస్సెత్ గురించి ఒక్కసారి ఆలోచించింది. చెల్లెలి నంబరు ఫోనులో ఇంకా ఉంది.

"ఎవరూ రావడం లేదు," అంది. ఆ మాట పైకి అనడం ఆమె జన్మలో అదే మొదటిసారి. "అక్కడ కూడా నా పేరే రాయి."

ఇబ్తిసామ్ రాసింది. అయిదు మంచాల వాళ్ళూ కబుర్లు ఆపి ఇటే వింటున్నారు. యామ్నా ఆ సంగతి పట్టించుకోలేదు.

"నేను ఏదో ఒకటి చెప్పేముందు," అంది లహ్‌లూతో, "మీరు ఒకసారి నా వీపు ముట్టుకుని చూడండి."

స్కానింగులో అన్నీ కనబడ్డాయని ఆయన అనలేదు. యామ్నా మెల్లగా పక్కకు తిరిగింది. ఇబ్తిసామ్ తెర లాగి, గౌను ముడి విప్పింది. లహ్‌లూ స్టూలు మీంచి లేచి, మంచం అంచున వంగి, అరచెయ్యి ఆమె నడుము మీద పెట్టాడు.

చర్మం మొద్దుబారింది కిందనే, నడుము పైన ఆమెకు ఇంకా బాగా తెలుస్తోంది. చెయ్యి వెచ్చగా ఉంది. పొడిగా ఉంది. వేళ్ళు ఎముక ఎముకనూ లెక్కపెడుతున్నట్టు కిందికి దిగాయి, నొప్పి పుట్టిన అసలు చోటు దగ్గర ఆగాయి. పని తెలిసిన చెయ్యి. మనుషుల ఒళ్ళు పట్టి బతికిన యామ్నాకు ఆ సంగతి వెంటనే తెలిసిపోయింది.

దానితో పాటు ఇంకోటి కూడా తెలిసింది.

ఆమె కదలకుండా ఆగింది. తన ఒళ్ళే వణుకుతోందేమో అనుకుని ఊపిరి బిగబట్టి చూసింది. ఒళ్ళు కాదు. ఇన్నాళ్ళూ ఇలాంటివి కనిపెట్టినా మనకెందుకని మింగి ఊరుకున్న మనిషి. ఈ ఒక్కటీ మింగితే, ఈ చెయ్యే కత్తి పట్టుకుని తన వెన్నులో దిగుతుంది.

"డాక్టరుగారూ," అంది గోడవైపు చూస్తూనే. "మీ చెయ్యి వణుకుతోంది."

ఇబ్తిసామ్ చేతిలో కాగితం కదిలిన శబ్దం వినిపించింది. ఆయన చెయ్యి తీసేస్తాడనుకుంది. తియ్యలేదు.

"తెలుసు," అన్నాడు లహ్‌లూ.